తలుపు మీద రాత, ఫోనులో దయ్యం



చోడవరం దగ్గరి పల్లె నుండి ఒక తల్లి గత నెలలో మమ్మును అడిగిన సంగతి ఈసారి వ్రాస్తున్నాము. (చోడవరం 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలోనికి వచ్చినా, పాఠకులు చాలామంది ఇప్పటికీ విశాఖ జిల్లా అనే వ్రాస్తున్నారు.) "అయ్యగారూ, మా పిల్లడికి పదేళ్లండి. చీకటి పడితే పెరట్లో మరుగుదొడ్డికి ఒక్కడూ ఎల్లట్లేదు. ఎర్ర కాగితం కావాలా, నీలం కాగితం కావాలా అని లోపల్నుంచి ఎవరో అడుగుతారంటాడు. పక్క తడిపేస్తున్నాడు. ఎవరైనా ఏదైనా చేశారేమోనండి" అన్నదామె.

ఆ కాగితాల మాట వినగానే సంగతి బోధపడింది. అది జపాను దేశపు బడిపిల్లలు చెప్పుకునే కథ. 'అకా మాంటో' అంటే ఎర్ర అంగీవాడు. మరుగుదొడ్డిలో ఒంటరిగా ఉన్నవారిని ఏ రంగు కాగితం కావాలని అడుగుతాడట. ఎర్రది అంటే నెత్తురు కార్చి చంపుతాడు, నీలం అంటే గొంతు నులుముతాడు. ఏదీ వద్దంటే వదిలిపెడతాడు. చిల్లాస్ ఆర్ట్ అనే పేరుతో ఇద్దరు జపాను అన్నదమ్ములు చిన్న చిన్న భయానక కంప్యూటర్ ఆటలు చేస్తుంటారు. 2019లో ఈ కథ మీద కూడా ఒకటి చేశారు. పెద్ద కంపెనీ సరుకు కాదు. రాత్రివేళ బడి, చీకటి వరండాలు, వెంటాడే ఎర్ర అంగీవాడు, అంతే. మన ఊళ్లలో పిల్లలు చాలామంది ఇటువంటివి ఆడరు. ఎవరో ఆడిన వీడియోను దుప్పటి ముసుగులో ఫోనులో చూస్తారు. ఆడేవాడైతే తప్పించుకొనే దారి తానే వెదుక్కుంటాడు. చూసేవాడి చేతిలో ఏమీ లేదు. అందుచేత చూసేవాడికే భయమెక్కువ అని మా అభిప్రాయం.

పరదేశపు దయ్యాలని ముక్కున వేలేసుకోనక్కరలేదు. 1990లలో మన పల్లెల్లో తలుపుల మీద సుద్దతోను బొగ్గుతోను "ఓ స్త్రీ రేపు రా" అని వ్రాసుకున్న రోజులు పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది. తెలిసినవారి గొంతుతో రాత్రి తలుపు తట్టి పిలుస్తుందని, పలికితే ప్రాణం పోతుందని చెప్పుకున్నారు. రాత చదివి వెళ్లిపోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకుంటుంది. చదువురాని ఇల్లాండ్రు పొరుగు పిల్లలచేత వ్రాయించుకున్నారు, దయ్యానికి మాత్రం చదువు వచ్చునన్నమాట! కన్నడ సీమలో అదే మాట 'నాళె బా'. 2016లో ఆ పేరుతోనే తెలుగు సినిమా, 2018లో హిందీలో 'స్త్రీ' వచ్చాయి.

జపానులోనైతే 1979లో ముఖానికి మాస్కు కట్టుకున్న నోరు చీలిన స్త్రీ ఎదురుపడి "నేను అందంగా ఉన్నానా?" అని అడుగుతుందనే పుకారు దేశమంతా పాకింది. బడులవారు పిల్లలను గుంపులుగా ఇండ్లకు పంపించవలసి వచ్చింది. దానికి విరుగుడు, "మామూలుగా ఉన్నావు" అని చెప్పడం, లేదా చక్కెర పాకంతో చేసిన బిళ్ళలు విసిరి పరుగెత్తడం. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ చెరకు పండించిన మనవారికి ఇది నవ్వు తెప్పిస్తుంది. కాని చూడండి, మూడు కథల్లోను దయ్యాన్ని పంపించే జవాబు ఒకటి ఉన్నది. పిల్లలు దానిని గట్టిగా పట్టుకుంటారు. ఆ బాబును "ఏదీ వద్దంటే ఏమవుతుంది?" అని మేము అడిగితే, "వెళ్లిపోతాడు" అని వెంటనే చెప్పాడు.

మమ్మును కలవరపెట్టినది తల్లి చివరి మాట. ఎవరి మీద అనుమానమమ్మా అంటే, వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ పేరు చెప్పింది. ఆమె పిల్లవానికి జంతికలు పెట్టిందట! ఆటలోని దయ్యం ఫోను కట్టేస్తే పోతుంది. ఈ అనుమానం అలా పోయేది కాదు. విశాఖ మన్యంలో చిల్లంగి పెట్టారని మనుషులను కొట్టి చంపిన వార్తలు పత్రికల్లో ఎన్నోసార్లు చదివాము. అటువంటిది మొదట ఇలాంటి మాటతోనే పుడుతుంది, నీళ్ల కుళాయి దగ్గర నలుగురి చెవిని పడితే ఇక ఆపేవారుండరు. ఆ పేరు మరెవరితోను అనవద్దని ఆమెకు గట్టిగా చెప్పాము. పిల్లవాడు చూసిన వీడియోను పట్టపగలు అతని పక్కన కూర్చుని చివరిదాకా చూడమన్నాము. చూసింది. "ఇదాండీ!" అన్నది.

ఇటువంటి బిడ్డ మీ ఇంట ఉంటే కొట్టకండి, పక్క తడిపాడని పదిమందిలో చెప్పకండి. సముద్రం మీద నడిచి వస్తున్న ప్రభువును చూసి శిష్యులే భూతమనుకొని కేకలు వేశారు, పదేళ్లవాణ్ణి పిరికివాడనడమెందుకు? అన్నం తినకపోతే బూచోడికి పట్టిస్తాననడం కూడా మానండి. కొన్నాళ్లు టార్చిలైటు పట్టుకొని మరుగుదొడ్డి దాకా వెంట వెళ్లండి, తరువాత గుమ్మంలో నిలబడి మాట్లాడుతూ ఉండండి. ఫోను రాత్రి పెద్దల దగ్గరే ఉండాలి. ఆ ముసలమ్మ మళ్లీ జంతికలు పెడితే తిననివ్వవచ్చునా అని ఆ తల్లి అడిగింది. తిననివ్వమన్నాము.