మద్దెల ఓడు, ఆటగాడి గోడు

ఢిల్లీ కార్యాలయాలకు ఒక అలవాటున్నది. మన క్రీడాకారుడు విదేశంలో ఓడి వస్తే అతని సాధనలో లోపమేమిటని విచారిస్తాయి. గెలిచి వస్తే తాము సమకూర్చిన పరికరాల పట్టికను విడుదల చేస్తాయి. ఓటమికి మనిషి బాధ్యుడు, గెలుపుకు సామగ్రి కారణం! ఈ తర్కంలోని లొసుగు ఈ విలేఖరికి బోధపడింది ఢిల్లీలో కాదు, కోల్‌కతా నగరంలోని ఏక్‌బాల్‌పూర్‌లో.

ఖిదిర్‌పూర్ రేవుకూ అలీపూర్ భవంతులకూ నడుమ ఇరుకు సందులతో, ఎడతెగని జనసమ్మర్దంతో ఉండే పేట అది. దానికి పడమరగా గార్డెన్ రీచ్‌లో ఒకనాటి బెంగాల్ నాగపూర్ రైల్వే, నేటి ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నది. ఆ రైల్వేను నమ్ముకొని ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల అనేకం. అట్టి కుటుంబానికి చెందిన ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగితో కలిసి ఇటీవల ఒక సాయంత్రం ఆ వీధిలో నడుస్తుండగా, బుడగలు కొట్టించే దుకాణం ఒకటి కనిపించింది. మన జాతరలలో ఉండేదే. చెక్కకు బుడగలు, ముందు ఒక గాలి తుపాకి, అయిదు గుండ్లకు ఇంత అని ఒక ధర.

ఒక కుర్రవాడు అయిదు గుండ్లూ పేల్చాడు. ఒక్క బుడగ మాత్రమే పగిలింది. తుపాకి వంకరగా ఉన్నదని వాడు దుకాణదారుతో తగవు పెట్టుకున్నాడు. తరువాత వచ్చిన మరొక కుర్రవాడి మొదటి గుండు కూడా గురి తప్పింది. కాని అది చెక్కకు ఎక్కడ తగిలిందో వాడు చూసుకున్నాడు. అంతే దూరం ఎడమకు జరిపి గురిపెట్టి, మిగిలిన నాలుగు గుండ్లతో నాలుగు బుడగలూ పగులగొట్టాడు. 

“ఆడలేక మద్దెల ఓడన్నాడన్న సామెత అబద్ధం కాదన్నమాట” అన్నాను. 

మా పెద్దాయన నవ్వి, “మద్దెల ఓడేనండి. కాని రెండోవాడికి ఓటి మద్దెల మీద వాయించడం వచ్చును” అన్నారు.

ఆ మాట ఒక పెద్ద వివాదానికి చిన్న అద్దం. ‘బెంచ్‌రెస్ట్’ అనే గురి పోటీ ఒకటి పాశ్చాత్య దేశాలలో ప్రచారంలో ఉన్నది. షూటర్ బల్ల ముందు కూర్చుంటాడు. తుపాకి ముందుభాగం ఒక ఆధారం మీద, వెనుకభాగం ఇసుక సంచి మీద ఆనుకొని ఉంటుంది. అంతర్జాతీయ పోటీలో ఒక అట్టపై 25 లక్ష్యాలు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క గుండు, మొత్తం 250 పాయింట్లు. ఒలింపిక్ క్రీడలలో ఈ పోటీ లేదు. అక్కడ షూటర్ తుపాకిని తన శరీరంతోనే మోయాలి. గుండె కొట్టుకోవడం, ఊపిరి తీయడం, కండరం వణకడం అన్నీ గురిలో ప్రతిఫలిస్తాయి. బెంచ్‌రెస్ట్‌లో ఆ భారమంతా బల్ల మోస్తుంది. మరి మనిషి చేసే పనేమిటి? ఖరీదైన తుపాకి కొన్నవాడే విజేత గదా? ఇదే ఆ పోటీని వెన్నాడే ప్రశ్న.

ఈ ప్రశ్న మరీ పదునుగా వినిపించేది ‘రిమ్‌ఫైర్’ తుపాకుల విషయంలో. పాయింట్ రెండు రెండు తూటా ఈ జాతికి చెందినది. పేలుడు మందు తూటా అడుగున ఉండే అంచు లోపలనే ఉంటుంది. తుపాకి సూది ఆ అంచును నలిపినప్పుడు తూటా పేలుతుంది. ఇతర జాతుల తూటాలను నిపుణుడైన షూటర్ తానే మందు తూచి, గుండు అమర్చి, ఇంట్లో తయారు చేసుకోగలడు. ఇక్కడ అది సాధ్యం కాదు. కార్మాగారం ఇచ్చినదే ప్రసాదం. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఈలీ, జర్మనీలో తూటాలు చేసే లాపువా వంటి సంస్థలు ఎంత జాగ్రత్త వహించినా ఒక విడత సరుకు మరొక విడత వలె ఉండదు. ఒక తుపాకికి నప్పిన విడత మరొక దానికి నప్పదు. అందుచేత స్తోమత గలవారు ఆ సంస్థల పరీక్షాశాలలకే పోయి, తుపాకిని బిగించి, విడత తరువాత విడత పేల్చి చూసి, నప్పినదానిని వేల సంఖ్యలో కొనుక్కొని వస్తారు.

ఇందులోని సూక్ష్మం లెక్క వేస్తే గాని తెలియదు. అంతర్జాతీయ 50 మీటర్ల రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. సుమారు రెండున్నర గ్రాముల సీసపు గుండు సెకనులో ఆరవ వంతు కాలంలో అక్కడికి చేరుతుంది. రెండు తూటాల వేగంలో సెకనుకు పది మీటర్ల భేదం వస్తే చాలు, గుండ్లు తగిలే ఎత్తులో దాదాపు 7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. షూటర్ చేతిలో ఏ తప్పూ లేకపోయినా పది కాస్తా తొమ్మిది కావచ్చు. 

అయితే గాలి సంగతి వేరు. పక్కనుంచి సెకనుకు ఒక మీటరు వేగంతో వీచే పిల్లగాలి గుండును సుమారు 5 మిల్లీమీటర్లు నెట్టివేస్తుంది. ఆ గాలిని జెండాల కదలికలో చదివి, ఎప్పుడు పేల్చాలో, ఎప్పుడు వేచి ఉండాలో, ఎంత పక్కకు గురిపెట్టాలో నిర్ణయించగల యంత్రాన్ని పోటీ బల్లమీద ఎవరూ పెట్టలేదు. అది మనిషి విద్య. సమానమైన సామగ్రి గలవారి నడుమ గెలుపును నిర్ణయించేది అదే.

ఇప్పుడు ఏక్‌బాల్‌పూర్ బుడగల దుకాణానికి తిరిగి వద్దాం. ఆ తుపాకి వంకరే, కాని దాని వంకర నిలకడ గలది. ప్రతి గుండూ ఒకే వైపు ఒకే దూరం పోయింది. కనుకనే తెలివిగల కుర్రవాడు దానిని సవరించుకోగలిగాడు. గుండుకొక దిక్కుగా పోయే తుపాకి అయి ఉంటే వాడు గాదు గదా, గాండీవి అయినా చేయగలిగింది లేదు. నిలకడ గల లోపాన్ని నేర్పు జయిస్తుంది. నిలకడ లేని లోపం నేర్పును మింగివేస్తుంది. నేర్పా, సామగ్రియా అన్న వివాదానికి ఈ విలేఖరికి తోచిన తీర్పు ఇది.

గాండీవం మాట వచ్చింది గనుక భారతాన్ని కూడా సాక్షిగా పిలవవచ్చు. కురుక్షేత్రాన్ని గెలిచిన ఆ విల్లే మౌసల పర్వంలో అర్జునుని చేత ఉన్నది. ద్వారక నుంచి తీసుకొని వస్తున్న యాదవ స్త్రీలను దారిదోపిడి మూకల నుంచి అతడు కాపాడలేకపోయాడు. ఇది సామగ్రియే సర్వస్వమనే వారికి జవాబు. నేర్పు ఒక్కటి చాలుననే వారికి జవాబు ఏకలవ్యుని కథలో ఉన్నది. నేర్పు అతనికి లోటు కాలేదు. లోటయినది వ్యవస్థ దయ.

మన కాలపు సాక్ష్యాలు కూడా ఈ రెండు వైపులా ఉన్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ప్రోన్ పోటీ జరిగింది. అది ఈ రిమ్‌ఫైర్ తూటాతో ఆడేదే. కోల్‌కతాకు చెందిన జయదీప్ కర్మాకర్ అందులో 699.1 పాయింట్లతో నాలుగవ స్థానం పొందారు. మూడవవాడైన స్లొవేనియా షూటర్ రైమండ్ డెబెవెత్స్‌కు 701.0. తేడా 1.9. అదే ఒలింపిక్స్‌లో గాలి రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచిన మన హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్ ఈ ప్రోన్ పోటీలో తుది అంకానికి చేరలేదు. ఇద్దరివీ మేలిరకపు ఆయుధాలే. ఆయుధమే ఆడేదయితే ఫలితాలు ఇట్లా తారుమారు కావు.

అభినవ్ బింద్రా అనుభవం మరీ విలువైనది. 2008 బీజింగ్ ఫైనల్‌కు ముందు పరీక్షగా పేల్చిన గుండ్లు ఎక్కడికో పోతున్నాయని ఆయన గ్రహించారు. వెంటనే సవరించుకొని స్వర్ణం గెలిచారు. 2016 రియోలో ఫైనల్ నాటి ఉదయం ఆయన తుపాకి దృష్టి పరికరం పడి విరిగింది. మారుది అమర్చుకొని ఆడి నాలుగవ స్థానంలో నిలిచారు. ఆ వ్యక్తి వద్ద మారు పరికరం ఉన్నది గనుక నాలుగవ స్థానమైనా దక్కింది. మారు పరికరం సంగతి అటుంచి, సొంత తుపాకియే లేని పిల్లవాని మాటేమిటి?

ఇక్కడే ఈ చర్చ మైదానం దాటి పార్లమెంటు భవనంలో అడుగుపెడుతుంది. ఈ దేశంలో ఎవరి చేతికి ఏ తూటా అందాలన్నది ఏనాడూ కేవలం క్రీడా విషయం కాదు. 1857 జనవరిలో కోల్‌కతా పక్కనే ఉన్న డమ్‌డమ్‌లో కొవ్వు పూసిన తూటాలను గురించి పుట్టిన వార్త కంపెనీ ప్రభుత్వాన్ని కుదిపివేసింది. అదే 1857లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ పాయింట్ రెండు రెండు రిమ్‌ఫైర్ తూటాను బజారులో పెట్టింది. అక్కడ తూటా అంగడి సరుకయింది. ఇక్కడ అది సర్కారుకు పీడకల అయింది. లిట్టన్ హయాంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం భారతీయునికి లైసెన్సు విధించి ఐరోపా వారిని మినహాయించింది.

స్వతంత్ర భారతం 1959లో కొత్త చట్టం చేసుకున్నది. రైఫిల్ క్లబ్బుల సభ్యులకు అందులో చోటు కల్పించింది. అంతకుముందే 1951లో, లోక్‌సభ ప్రథమ స్పీకర్ మావలంకర్ పూనికతో జాతీయ రైఫిల్ సంఘం ఏర్పడింది. ఉద్దేశం ఉదాత్తమే. కాని 1986 నుంచి ప్రైవేటు వ్యక్తులు తుపాకులు దిగుమతి చేసుకోవడం నిలిచిపోయింది. పేరుపొందిన షూటర్లకు మినహాయింపు లభించింది. 2019లో ఒక వ్యక్తి ఉంచుకోదగిన ఆయుధాల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించినప్పుడు కూడా క్రీడాకారులకు మినహాయింపులు కొనసాగాయి. సంతోషమే. కాని మినహాయింపు దక్కాలంటే పేరు రావాలి, పేరు రావాలంటే పాయింట్లు రావాలి, పాయింట్లు రావాలంటే మంచి తుపాకి ఉండాలి! పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు.

ఈ చక్రాన్ని ఛేదిస్తున్నది ప్రభుత్వం కాదు, తల్లిదండ్రులు. గగన్ నారంగ్‌కు తుపాకి కొనడానికి తండ్రి స్థలం అమ్మిన సంగతి విదితమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్‌లో దేశానికి తొలి పతకం తెచ్చిన స్వప్నిల్ కుసాలే కొల్హాపూర్ జిల్లాకు చెందిన ఉపాధ్యాయుని కుమారుడు. పతకం గెలిచిన నాటికి మధ్య రైల్వేలో టికెట్ కలెక్టర్. కొడుకు తూటాల కోసం ఆ తండ్రి అప్పు చేశారని పతకం వచ్చిన తరువాత దేశమంతా చదివింది. పతకం రాకపోతే ఆ అప్పు సంగతి ఎవరు చదివేవారు? అట్లా అప్పులు చేసి పతకం చూడని తండ్రులు ఎందరున్నారో లెక్కించిన శాఖ ఏది?

ఏక్‌బాల్‌పూర్ నుంచి ఉత్తరంగా హుగ్లీ తీరం వెంట పోతే ఇషాపూర్ వస్తుంది. అక్కడ ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నుంచి ప్రభుత్వ రైఫిల్ కార్మాగారం నడుస్తున్నది. రెండు ప్రపంచ యుద్ధాలకు తుపాకులిచ్చిన ఊరది. 2021లో దేశంలోని 41 ఆయుధ కార్మాగారాలను ఏడు ప్రభుత్వ కంపెనీలుగా మార్చినప్పుడు స్వావలంబన అనే మాట ఢిల్లీలో మార్మోగింది. అయినా మన పోటీ షూటర్ నేటికీ జర్మన్ తుపాకి కోసమే ఎదురుచూస్తున్నాడు. సరిహద్దులో సైనికునికి కావలసిన తుపాకి వేరు, పోటీ తుపాకి వేరు అని నిపుణులు అంటారు. నిజమే. కాని నూరేళ్ళు తుపాకి గొట్టాలు చేసిన చేతులకు నిలకడగల ఒక చిన్న గొట్టం, ఒకే తీరుగా పేలే ఒక చిన్న తూటా చేయడం నేర్పించలేమా? ప్రయత్నించమని ఆదేశించిన వారెవరు?

తుపాకులు సులభంగా దొరికితే శాంతిభద్రతలకు ముప్పని హోంశాఖ అంటుంది. ఆ భయాన్ని కొట్టివేయడం సబబు కాదు. ఏక్‌బాల్‌పూర్ వంటి ఇరుకు పేటలో కాపురముండే ఏ తల్లీ ఇంటింటా తుపాకి ఉండాలని కోరదు. ఈ విలేఖరి కోరేది కూడా అది కాదు. తుపాకి ఇంట్లో ఉండనక్కరలేదు, క్లబ్బు ఉక్కు బీరువాలో ఉండవచ్చు. తాళం బాధ్యతగల అధికారి వద్ద ఉండవచ్చు. జిల్లాకొక గురిశాల, అందులో పరీక్షించిన పది మంచి తుపాకులు, ఏడాదికి సరిపడా ఒకే విడత తూటాలు, గాలిని చదవడం నేర్పే ఒక గురువు. వీటికయ్యే వ్యయం ఒక క్రీడోత్సవపు ప్రారంభ సంబరానికయ్యే దానికన్న ఎక్కువ కాబోదు. సరఫరాలో నిలకడ ఉంటే పిల్లవాడు తన లోపమేదో తెలుసుకుంటాడు. ఈ ఏడాది తూటా ఉండి, వచ్చే ఏడాది లేకపోతే తప్పు తనదో సర్కారుదో వానికి ఏనాటికీ తెలియదు.

ఆ సాయంత్రం దుకాణం ముందునుంచి కదులుతూ మా పెద్దాయన మరొక మాట అన్నారు. “రెండో కుర్రవాణ్ణి అందరూ మెచ్చుకున్నారండి. తుపాకి సరిచేయించమని మాత్రం దుకాణదారును ఎవరూ అడగలేదు.” 

వంకర తుపాకి వల్ల దుకాణదారుకు లాభమున్నది, అందుచేత అతడు సరిచేయడు. ఢిల్లీలోని దుకాణదారులకు ఏ లాభమున్నదో పాఠకులే ఊహించుకోగలరు.