పాట పొలిమేర దాటినప్పుడు

పద్యాన్ని అనువదించేవానికి యజమాని ఒక్కడే. అది మూలంలోని భావం. పాటను అనువదించేవానికి ముగ్గురు యజమానులు. భావం ఒకటి, బాణీ రెండు, పాడేవాని ఊపిరి మూడు. ఈ ముగ్గురికీ ఏకకాలంలో కొలువు చేయుట కష్టసాధ్యం. భావాన్ని చెడకుండ నిలిపితే మాట బాణీలో ఇమడదు. బాణీలో ఇమిడిస్తే భావం పలచబడుతుంది. రెండూ కుదిరినవని సంతోషించేలోగా, సాగదీసి పాడవలసిన స్వరంమీద నోరు మూతపడే హల్లు వచ్చి కూర్చుంటుంది. అందుచేతనే పాటల అనువాదమంటే పండితులకు చులకన, రసికులకు అనుమానం. ఆ చులకన న్యాయమైనది కాదనీ, ఆ అనుమానంలో మాత్రం కొంత సత్యమున్నదనీ నా అభిప్రాయం. ఇందుకు జాక్ బ్రెల్ పాటలు ఆంగ్లంలోనికి నడచిన చరిత్రకంటె మంచి నిదర్శనం నాకు కనబడదు.

బ్రెల్ 1929లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్ చెంత స్కార్‌బీక్‌లో జన్మించినాడు. వంశం ఫ్లెమిష్, ఇంటి భాష ఫ్రెంచి. తండ్రి భాగస్వామిగా ఉన్న అట్టల కర్మాగారంలో కొంతకాలం పనిచేసి, ఆ బ్రతుకు రుచించక, 1953లో గిటారు పట్టుకొని పారిస్ చేరినాడు. పాట తానే వ్రాసి, తానే పాడేవాడు. అతని పాటలు మూడు నాలుగు నిమిషాల నాటకాల వంటివి. ప్రతి పాటలోను ఒక మనిషి నిలబడి మాట్లాడుతాడు: ఓడరేవులో త్రాగిన నావికుడు, ప్రేయసి కాళ్లు పట్టుకొనే పిరికివాడు, చావబోతూ పరిహాసమాడే గృహస్థు. రంగస్థలంమీద అతడు ఒళ్లంతా చెమటలు గ్రక్కుతూ ఆ మనిషిగా మారిపోయేవాడు. ఇంతటి కీర్తి ఉండగానే, 1967లో కచేరీలకు స్వస్తి చెప్పినాడు.

అతడు నోరు మూసుకొన్న కొద్ది నెలలకే న్యూయార్కులో అతని పాటలు ఇతరుల నోట పలికినవి. 1968 జనవరిలో గ్రీనిచ్ విలేజిలోని ‘విలేజ్ గేట్’ అను వినోదశాలలో ఒక సంగీత ప్రదర్శన ప్రారంభమైనది. దాని పేరే విచిత్రం: ‘జాక్ బ్రెల్ క్షేమంగా ఉన్నాడు, పారిస్‌లో నివసిస్తున్నాడు’ అని దాని అర్థం. కథ లేదు. నలుగురు గాయకులు, సుమారు పాతిక పాటలు, అంతే. ఆంగ్ల రచన చేసినవారు ఎరిక్ బ్లా, మోర్ట్ షూమన్ అను ఇద్దరు. షూమన్ అంతకు పూర్వం అమెరికా యువతరానికి ప్రేమగీతాలకు బాణీలు కట్టి పేరు తెచ్చుకొన్నవాడు. ఆ ప్రదర్శన నాలుగేండ్లకు పైగా నడచినది. 1975లో దానినే చలనచిత్రంగా తీసినారు. దర్శకుడు డెని ఎరూ, కెనడాలోని ఫ్రెంచి మాట్లాడే ప్రాంతంవాడు. నాటకాలను యథాతథంగా తెరకెక్కించి చందాదారులకు నిర్ణీత దినాలలో చూపే ‘అమెరికన్ ఫిల్మ్ థియేటర్’ వరుసలో అది వెలువడినది.

ఈ అనుసరణలోని మంచిచెడ్డలను నిర్ణయించుటకు ముందు, అనువాదకుని చేతికి వచ్చిన చిక్కు ఎటువంటిదో గ్రహించవలెను. ఫ్రెంచిలో ఊనిక సాధారణంగా పదబంధం చివరి అక్షరంమీద పడుతుంది. ఆంగ్లంలో ప్రతి మాటకూ తనదైన ఊనిక ఉన్నది; అది తప్పిన చోట వినేవాడు నవ్వుతాడు. ఫ్రెంచి మాటల చివరి హల్లులు పెక్కు పలుకవు, అందుచేత మాట అచ్చుమీద వదులుగా ఆగుతుంది. అంతేకాదు, మామూలు సంభాషణలో మ్రింగివేసే చివరి అచ్చుకు పాటలో ప్రాణం వచ్చి, ఒక స్వరాన్ని తన పాలికి తీసుకొంటుంది. ఆంగ్లపదాలు పెక్కు హల్లుతో ఠక్కున మూసుకుంటవి. తెలుగు అజంతభాష గనుక పాటకు అనువైనదని మనం తరగతిలో చెప్పే మాటకు ఇక్కడ ప్రత్యక్ష ప్రమాణం దొరుకుతుంది. అచ్చు లేనిచోట రాగం నిలువలేదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. బ్రెల్ పాటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1959 నాటి ‘నె మె కిత్ పా’. నన్ను విడిచి పోవద్దని దాని అర్థం. పాటలో అది అయిదు అక్షరాలు. రాడ్ మెక్యూన్ అను అమెరికన్ కవి 1966లో దీనిని ‘ఇఫ్ యు గో అవే’గా మార్చినాడు. ఇదీ సరిగ్గా అయిదు అక్షరాలే. లెక్క కుదిరినది, బాణీకి ఏ లోపమూ లేదు. కాని మూలంలో ఉన్నది ప్రాధేయపడుట; ఆంగ్లంలో ఉన్నది ‘నీవు వెళ్లితే’ అను షరతు. మూలంలోని మనిషి దిగజారి దిగజారి, చివరకు ప్రేయసి పెంపుడు కుక్కకు నీడగానైనా బ్రతుకనిమ్మంటాడు. ఇది ప్రేమగీతం కాదు, మగవాని పిరికితనంమీద పాట అని బ్రెల్ స్వయంగా చెప్పినాడు. ఆంగ్లంలో ఆ పిరికితనం కరిగిపోయి, అందమైన విరహం మిగిలినది. అయిదు అక్షరాలను కాపాడుకొని మనిషిని పోగొట్టుకొన్నారు.

ఇంతకంటె విషాదకరమైనది ‘ల మోరిబాఁ’ అను పాట గతి. 1961 నాటి ఈ పాటలో చావబోయేవాడు మిత్రునికీ, మతాచార్యునికీ, తన భార్య ప్రియునికీ, చివరకు భార్యకూ వీడ్కోలు చెప్పుతాడు. తాను పోయిన తరువాత అందరూ నవ్వవలెననీ, నర్తించవలెననీ కోరుతాడు. ఆ నవ్వులో కత్తి ఉన్నది. దీనికి మెక్యూన్ వ్రాసిన ఆంగ్లరూపమే ‘సీజన్స్ ఇన్ ది సన్’. 1974లో టెరీ జాక్స్ అను కెనడా గాయకుడు దానిని మరింత మెత్తపరచి పాడగా ప్రపంచమంతటా మారుమ్రోగినది. అందులో భార్యా లేదు, ఆమె ప్రియుడూ లేడు, కత్తీ లేదు. మన ఆంగ్లమాధ్యమ పాఠశాలల పిల్లలు సయితం వీడ్కోలు సభలలో దీనిని ముచ్చటగా పాడుతారు. పాడే పిల్లలలో ఎందరికి బ్రెల్ పేరు తెలియును?

బ్లా, షూమన్‌ల పని దీనికి భిన్నమైనది. వారు కూడ స్వేచ్ఛ తీసుకొన్నారు. కొన్నిచోట్ల చాల ఎక్కువగా తీసుకొన్నారు. ‘లె ఫ్లమాంద్’ అను పాటలో బ్రెల్ తన జాతి స్త్రీలు మాటాపలుకూ లేకుండ నర్తించుటను ఎత్తిపొడిచినాడు. న్యూయార్కు శ్రోతకు ఫ్లెమిష్ ఆడపడుచుల సంగతి ఎక్కదు. అందుచేత వారు ఆ బాణీకి ‘మారథాన్’ అను కొత్త పాటే కట్టి, ఇరువదవ శతాబ్దపు దశాబ్దాలు ఒకదానివెంట ఒకటి ఆగకుండ నర్తించుటను అందులో చెప్పినారు. ఇది అనువాదం కాదు. అయినను బ్రెల్ పాటలోని యాంత్రికమైన నాట్యం, దానివెనుకనున్న వెటకారం నిలిచినవి. వేగం పెంచుకొంటూ పోయే ‘వేయి తాళాల వాల్ట్జ్’ వారి చేతిలో జాతరలోని రంగులరాట్నం అయినది. మాట మారినను ఊపిరాడని ఆ పరుగు మారలేదు. ఇక వృద్ధదంపతులమీద పాట ఉన్నది. ముసలివారి యింట అవుననీ కాదనీ ఊగిసలాడే గడియారపు లోలకాన్ని బ్రెల్ చూపితే, వారు దానిని భద్రంగా ఆంగ్లంలోనికి మోసుకొనిపోయినారు. ముసలితనమూ, గడియారమూ ఏ దేశానికీ కొత్తవి కావు గదా! మూలంలోనే ఫ్రెంచి, ఫ్లెమిష్ భాషలు కలగలసిన ‘మరీకె’ పాటలో ఫ్రెంచిని మార్చి, ఫ్లెమిష్ పల్లవిని ముట్టుకోక విడిచిపెట్టినారు. ఎలీ స్టోన్ అను గాయని దానిని పాడగా శ్రోతలు అర్థం తెలియకనే అర్థం చేసుకొన్నారు.

కావున, స్వేచ్ఛ దోషం కాదు. దేనికొరకు స్వేచ్ఛ అన్నదే ప్రశ్న. మూలంలోని చేదును శ్రోతకు అందించుటకు మాటను మార్చినవాడు అనుసర్త. చేదు లేకుండ చేయుటకు మాటను మార్చినవాడు మిఠాయి వర్తకుడు. మరొక భేదం కూడ ఉన్నది. ఈ ప్రదర్శన మూలకర్త పేరును తన పేరుగా పెట్టుకొన్నది. వినేవాడు ఎవరి సొత్తును వింటున్నాడో తలవాకిటనే తెలుసుకొంటాడు. ఋణాన్ని ఒప్పుకొన్నవానికి కొంత స్వేచ్ఛ ఇవ్వవచ్చును.

చలనచిత్రం సంగతి వేరు. అది ప్రదర్శనకు సాటి రాలేదని నా నమ్మకం. కథలేని పాటలకు రంగస్థలంమీది చీకటి చాలును. శ్రోత తన మనస్సులో ఓడరేవును కట్టుకొంటాడు. కెమెరా ఆ చీకటిని ఓర్వలేదు. ప్రతి పాటకూ ఏదో ఒక దృశ్యాన్ని అతికించవలసి వస్తుంది. మాట చూపిన బొమ్మకూ, తెర చూపే బొమ్మకూ పొత్తు కుదరక శ్రోత నలిగిపోతాడు. అయితే ఆ చిత్రంలో ఒక ఘట్టం ఉన్నది; దానికొరకే దానిని చూడవచ్చును. అందులో బ్రెల్ స్వయంగా కనిపించి ‘నె మె కిత్ పా’ను తన ఫ్రెంచిలోనే పాడుతాడు. ఆంగ్లంలో తీసిన చిత్రంలో, ఆంగ్లంలో అప్పటికే ప్రసిద్ధమైన పాటను, ఆంగ్లం లేకుండ! అన్ని పాటలను మార్చినవారు ఒక్కచోట కలం క్రింద పెట్టి మూలకర్తకు తావిచ్చినారు. ఎక్కడ ఆగవలెనో తెలియుట అనుసర్తకు ఉండవలసిన విద్యలలో చివరిది, కష్టమైనది.

‘ప్రజలు మెచ్చిన పాటను తప్పుపట్టుటకు మీరెవరు? మెక్యూన్ లేకపోతే బ్రెల్ పేరు ఇంతమందికి చేరెడిదా?’ అని ఎవరైనా అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. కాని చేరినది బాణీ, బ్రెల్ కాదు. మంచి అనుసరణకు నేను పెట్టుకొన్న పరీక్ష ఒకటున్నది. అది విన్నవానికి మూలాన్ని వెదకవలెనన్న ఆకలి పుట్టవలెను. ‘సీజన్స్ ఇన్ ది సన్’ విన్నవానికి కడుపు నిండిపోతుంది. ‘మరీకె’ విన్నవానికి ఆకలి మొదలవుతుంది.

బ్రెల్‌కు ఈ కష్టం తెలియనిది కాదు. న్యూయార్కులో ‘మ్యాన్ ఆఫ్ లా మాంచా’ అను సంగీతనాటకాన్ని చూచి ముగ్ధుడై, దానిని తానే ఫ్రెంచిలోనికి మార్చి, డాన్ క్విక్సోట్ పాత్రను తానే ధరించి, 1968 అక్టోబరులో బ్రస్సెల్స్‌లో ప్రదర్శించినాడు. తన పాటలు ఆంగ్లంలోనికి ప్రయాణించిన సంవత్సరంలోనే ఆంగ్లపు పాటలను తన భాషకు తెచ్చుకొన్నాడన్నమాట. ఇచ్చిపుచ్చుకొనుట అంటే ఇదే.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 1950లో హిందీనుండి తెలుగైన ‘ఆహుతి’ చిత్రానికి శ్రీశ్రీ మాటలు, పాటలు సమకూర్చినాడు. డబ్బింగు రచయితకు నాలుగవ యజమాని కూడ ఉన్నాడు. అది తెరమీది పెదవి. పెదవులు మూతపడినచోట ప, బ, మలు పడవలెను. మన పాఠ్యాంశాలలో పద్యానువాదానికి చోటున్నది గాని, ఈ విద్యకు లేదు. ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన ఇది: విద్యార్థుల చేత ఒక పరభాషా గీతాన్ని అదే బాణీలో తెలుగు చేయించండి. మాత్రలు లెక్కించి ఊరుకొనవద్దు. ‘ఇందులో మాట్లాడే మనిషి ఎవడు? నీ పాటలో అతడే ఉన్నాడా?’ అని అడుగండి. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేని పాట ఎంత ఇంపుగా ఉన్నను మరల వ్రాయించండి.

బ్రెల్ 1978లో, నలుబది తొమ్మిదవ ఏట మరణించినాడు. పసిఫిక్ మహాసముద్రంలోని ఒక దీవిలో, చిత్రకారుడు గోగాఁ సమాధి చెంతనే అతనిని ఖననం చేసినారు. ఆ ప్రదర్శనను 2006లో న్యూయార్కులో మరల ఎత్తినప్పుడు కూడ దాని పేరు మార్చలేదు. క్షేమంగా ఉన్నాడనే అన్నారు. ఒక కవి పరభాషలో క్షేమంగా ఉండుటా ఉండకపోవుటా అనువాదకుని చేతిలో ఉన్నది.