గప్పీలను వాదీలో వదలొద్దు తమ్ముళ్లూ



పోయిన వారం పక్క రూమ్ తమ్ముడు ఎగ్జిట్ మీద ఇంటికి పోయాడు. ముందురోజు తన డబ్బాలోని గప్పీ చేపలను వాదీలో వదిలి వస్తానని బయలుదేరాడు. మేమే ఆపి డబ్బా తెచ్చుకున్నాం. చేపలను వదిలితే పుణ్యం కదా, ఆపుతారేంది అని కోపం చేశాడు. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాం, అందుకే ఈ పోస్టు.

గప్పీ ఈ నేల చేప కాదు, దక్షిణ అమెరికా వైపుది. గుడ్లు పెట్టదు, దాదాపు నెలకోసారి పిల్లలనే కంటుంది. ఒక్కసారి మగదానితో కలిస్తే చాలు, ఆ బీజాన్ని లోపల దాచుకొని, మళ్లీ మగది లేకున్నా నెలల తరబడి కంటూనే ఉంటుంది. అంటే వాదీలో ఒక్క ఆడచేప పడ్డా మంద తయారైనట్టే.

వాదీలో చేపలు లేవనుకోవద్దు. సెలవు రోజు నీళ్లలో కాళ్లు పెడితే వచ్చి కొరికే చిన్న చేపలున్నాయి చూడండి, అవి ఇక్కడివే. అల్ హూతా గుహలోనైతే చూపు లేని చేపలు ఉన్నాయి. ఎండాకాలం మడుగులో మిగిలేదే కొన్ని నీళ్లు, కొంచెం మేత. అందులో మన గప్పీలు పోయి వాటా అడుగుతాయి. కన్నపిల్లలనే తినే చేప, పరాయి పిల్లలను వదులుతుందా?

మన దగ్గర దోమల కోసం మలేరియా వాళ్లే గంబూసియాలు, గప్పీలు వేస్తారు కదా అని ఒకన్న అడిగాడు. వేస్తారు. దాన్ని కూడా తప్పుపట్టే శాస్త్రవేత్తలు ఉన్నారు. ఇక్కడ దోమ పిల్లలను తినడానికి వాదీల్లో, ఫలజ్ కాలువల్లో ఇక్కడి చేపలే ఉన్నాయి, మనవి అక్కర్లేదు.

అసలు తప్పు పోయేరోజుది కాదు, కొన్నరోజుది. జత అని ఆడ, మగ తెస్తాం, మూడు నెలలకు బకెట్ నిండిపోతుంది. పిల్లలు వద్దనుకుంటే మగవే పెంచండి. రంగులు, పెద్ద తోక ఉండేది మగదే. అంతా మగాళ్లే, మన క్యాంపు లాగా! రెండూ కావాలంటే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేకుంటే మగది వెంటపడి ఆడదాన్ని వేధిస్తుంది.

నీళ్ల విషయంలో మేమే తప్పు చేశాం. జూన్‌లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు నేరుగా పోశాం, ఆరు చేపలు సాయంత్రానికి తేలాయి. ఆ నీళ్లు వేడి, పైగా క్లోరిన్. బకెట్లో పట్టి ఒక రోజు రూమ్‌లో పెట్టాలి. మార్చేటప్పుడు పావు వంతే మార్చాలి. ఏసీ గాలి నేరుగా డబ్బాకు తగలనీయొద్దు, 24 నుంచి 28 డిగ్రీలు వాటికి బాగుంటుంది. అన్నం మెతుకులు, ఖుబూస్ ముక్కలు వేయకండి, నీళ్లు కుళ్లిపోతాయి. రెండు నిమిషాల్లో తినేసేంత మేత చాలు.

ఎగ్జిట్ పడితే ఇంకో రూమ్‌కు ఇవ్వండి, లేదా కొన్న షాపులోనే అడగండి. డబ్బులు ఇవ్వకపోయినా తీసుకుంటారేమో చూడండి.

ఆ తమ్ముడి చేపల్లో మగవి పదకొండు మా దగ్గర ఉన్నాయి. కావాలంటే శుక్రవారం మూత ఉన్న డబ్బా తెచ్చుకోండి. మూతకు చిల్లులు పెట్టడం మరవొద్దు.