ధరాసనలో సరోజిని ఎక్కడ?

ఇటీవల మా కార్యకర్తల శిక్షణా శిబిరంలో ఒక సాయంత్రం అటెన్‌బరో 'గాంధీ' సినిమా వేశాం. 1982లో వచ్చి 8 ఆస్కార్లు తెచ్చుకున్న సినిమా. మన ప్రభుత్వ సంస్థ డబ్బు కూడా అందులో ఉంది. చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసి ఏడ్చాను. ఈసారి మూడు గంటలూ కూర్చున్నాక నాకు మిగిలింది అసంతృప్తే. నటన లోపం కాదు. కస్తూర్బాగా రోహిణీ హట్టంగడి చాలా బాగా చేసింది. ఆమెకు కథలో ఇచ్చిన చోటే చిన్నది.

పాయిఖానా శుభ్రం చెయ్యనన్నందుకు గాంధీ కస్తూర్బాను బయటికి గెంటబోతాడు. నిజాయితీగా తీసిన దృశ్యమే, కాదనను. కానీ అది ఆయన పశ్చాత్తాపంతో, ఆమె ఆయన్ని ఓదార్చడంతో ముగుస్తుంది. 1913లో క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు చెల్లవని దక్షిణాఫ్రికా కోర్టు తీర్పునిచ్చినప్పుడు ఇదే కస్తూర్బా సరిహద్దు దాటి అరెస్టయింది, మూడు నెలల కఠిన శిక్ష అనుభవించింది. టాల్‌స్టాయ్ ఫారం నుంచి బయల్దేరిన తమిళ స్త్రీలు న్యూకాజిల్ బొగ్గుగనులకు వెళ్ళి సమ్మెకు పిలుపునిచ్చారు. సినిమాలో గని కార్మికుల ఊరేగింపు ఉంది, వాళ్ళను కదిలించిన ఆడవాళ్ళు లేరు. జైల్లో జబ్బుపడి, విడుదలైన కొద్ది రోజులకే 1914లో చనిపోయిన పదహారేళ్ళ వల్లియమ్మా లేదు.

ఇక ధరాసన. 1930 మే 21న, గాంధీ జైల్లో ఉండగా, సుమారు 2,500 మంది సత్యాగ్రహులకు నాయకత్వం వహించింది సరోజినీ నాయుడు. దెబ్బలు పడినా చెయ్యెత్తవద్దని చెప్పి వాళ్ళను ముందుకు నడిపింది ఆమే. సినిమాలో ఆ చోట మగ నాయకుడు నిలబడతాడు. ఆడవాళ్ళు గాయపడ్డవాళ్ళను మోసుకెళ్ళి కట్లు కడతారు. "మేడమ్, అప్పుడు మనవాళ్ళు నర్సు పనే చేశారా?" అని ఒకమ్మాయి అడిగింది. మా శిబిరంలోనే, మేం వేసిన సినిమా వల్లే ఆ ప్రశ్న పుట్టింది. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

తప్పంతా దర్శకుడిదే అనను. దండియాత్రకు గాంధీ ఎంచుకున్న 78 మందిలో ఒక్క స్త్రీ కూడా లేదు. కమలాదేవి చట్టోపాధ్యాయ వెళ్ళి ఆయనతో వాదించింది. అదే ఏడు మద్రాసులో మన దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకెళ్ళింది. కమలాదేవితో ఆ వాదన తెరమీదికి వచ్చి ఉంటే గాంధీ చిన్నబోయేవాడు కాదు, ఒక మనిషి ఆలోచన మారడం మనకు కనిపించేది. (అంబేద్కర్ ఊసే లేకపోవడం మరో పెద్ద చర్చ. ఈ సినిమాకు దుస్తులు కూర్చి, ఆస్కార్ అందుకున్న తొలి భారతీయురాలైన భానూ అథయ్యా పేరు కూడా శిబిరంలో ఇద్దరికే తెలుసు.)

వచ్చే శిబిరంలోనూ ఈ సినిమా వేస్తాం. ధరాసన దృశ్యం దగ్గర ఆపుతాం. సరోజిని గురించి చదివొచ్చి అక్కడ తనే చెప్తానంది, ప్రశ్న అడిగిన అమ్మాయి.