వెళ్లడం సరే, వచ్చేదెట్లా?

మా స్కూల్ వాట్సాప్ గ్రూప్ పేరు "నైట్ అవుట్ పక్కా". టెన్త్ వరకు కరీంనగర్‌లో ఒకే సెక్షన్‌లో చదివిన ఆరుగురం అందులో ఉన్నాం. పేరులో పక్కా అని ఉంది కానీ పోయిన దసరా నుంచి డిసెంబర్ దాకా ఒక్క ప్లాన్ కూడా పక్కా కాలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు "ఎక్కడికి పోదాం?" అంటారు, నలభై మెసేజ్‌లు, పది రీల్స్, ఒక పోల్. ఆ తర్వాత ఎవరికో జ్వరం.

ఈ ఆర్టికల్ ఆ జ్వరాల గురించే. (తెలుగులో ఇంత పొడుగు రాయడం నాకిదే ఫస్ట్ టైమ్. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే ఎడిటర్‌ని తిట్టండి.)

ముందు ఒక విషయం ఒప్పుకుందాం. మనం "హైదరాబాద్‌లో చదువుతున్నాం" అని ఊర్లో చెప్పుకుంటాం. నిజానికి మనం చదివేది గండిమైసమ్మలో. బాలానగర్ వైపు, నర్సాపూర్ వైపు, మేడ్చల్ వైపు, మియాపూర్ వైపు పోయే రోడ్లు, వాటి మధ్యలో అమ్మవారి గుడి, పొద్దున దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ట్రైనింగ్ విమానాల సౌండ్, రాత్రంతా లారీలు. ఇక్కడి నుంచి చార్మినార్ దాదాపు ముప్పై కిలోమీటర్లు. మా గ్రూప్‌లో ఒకడు ఘట్‌కేసర్‌లో, ఒకడు ఇబ్రహీంపట్నంలో, ఒకమ్మాయి మొయినాబాద్‌లో ఉంటారు. మిగిలిన ఇద్దరిలో ఒకడు కూకట్‌పల్లి రూమ్‌లో, ఇంకొకడు పూణేలో. సిటీకి నాలుగు మూలలా ఉండి, అందరం హైదరాబాదే అంటాం. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ మా కాలేజీలన్నిటినీ చుట్టేసి పోతుంది, కానీ దాని మీద బైకులకు, ఆటోలకు ఎంట్రీ లేదు. అంటే కారు లేని మాకు అది కిటికీలోంచి చూడటానికే.

కరీంనగర్ వాళ్లకి హైదరాబాద్ అంటే జేబీఎస్. శామీర్‌పేట దాటగానే బ్యాగులు సర్దుకోవడం, జేబీఎస్‌లో దిగడం, ఎవరో వచ్చి తీసుకెళ్లడం. ఆ ఎవరో రాకపోతే మాకు ఈ ఊరు తెలీదు. రెండేళ్లు అవుతున్నా తెలీదు.

మొత్తానికి డిసెంబర్‌లో పూణేవాడు వచ్చాడు కాబట్టి ప్లాన్ నిజంగానే అయింది. సాయంత్రం ఆరుకి జేబీఎస్ దగ్గర కలవాలి, పరేడ్ గ్రౌండ్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్లాలి, డీఎల్ఎఫ్ దగ్గర ఫుడ్ స్ట్రీట్‌లో తినాలి, తర్వాత దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. ప్లాన్ అంతా అబ్బాయిలదే. చాలా బాగుంది కూడా. అందులో లేనిది ఒక్కటే, తిరిగి ఎలా రావాలి అన్నది. అడిగితే "అప్పుడు చూద్దాం తియ్యే" అన్నాడు ఘట్‌కేసర్ వాడు.

వాడికి అప్పుడు చూడొచ్చు. వాడి హాస్టల్‌లో పదకొండుకి వెళ్లినా వాచ్‌మన్ అంకుల్ గేటు తీస్తాడు. మా హాస్టల్ ఇన్‌టైమ్ ఏడున్నర. రాత్రి బయట ఉండాలంటే ఇంటి నుంచి మెసేజ్ రావాలి, ఏ చుట్టాల ఇంటికో రాయాలి, వార్డెన్ మేడమ్ ఫోన్ చేసి కనుక్కుంటారు. కాబట్టి నేను "అల్వాల్, చిన్నమ్మ ఇల్లు" అని రాశాను. డాడీకి కూడా అదే చెప్పాను. చిన్నమ్మకేమో "ఫ్రెండ్స్‌తో సినిమా, పదింటికల్లా వస్తా" అన్నాను. ముగ్గురికి మూడు వెర్షన్లు. వెర్షన్ కంట్రోల్ నేర్చుకున్నందుకు బాగానే పనికొచ్చింది.

మొయినాబాద్ అమ్మాయి మధ్యాహ్నమే జ్వరం అని మెసేజ్ పెట్టింది. అబ్బాయిలు "అయ్యో, టేక్ కేర్" అన్నారు. నేనేమీ అనలేదు, ఎందుకంటే అంతకుముందు రెండుసార్లు ఆ జ్వరం నాది. పర్మిషన్ దొరకలేదు అని చెప్పడానికి సిగ్గు. "ఇంకా చిన్నపిల్లలా ఇంట్లో అడుగుతావా" అంటారని.

ఆ రాత్రి బాగా గడిచింది, అబద్ధం చెప్పను. టెన్త్‌లో సోషల్ సార్ నడిచే స్టైల్‌ని పూణేవాడు చేసి చూపిస్తుంటే టీ ముక్కులోకి పోయింది. కేబుల్ బ్రిడ్జి మీద బండి ఆపితే చలానా కాబట్టి, కింద చెరువు పక్కన కూర్చుని లైట్లు రంగులు మారడం చూశాం. టైమ్ చూస్తే పదకొండున్నర. చివరి స్టేషన్ల నుంచి ఆఖరి మెట్రో పదకొండుకే బయల్దేరిపోతుంది. మా రూట్లో సిటీ బస్సు పది దాటితేనే కష్టం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో మాకు జీరో టికెట్ ఉంది, చాలా గొప్ప విషయం, నేను రోజూ వాడతాను. కానీ బస్సే లేని టైములో జీరో టికెట్‌తో ఏం చేస్తాం?

క్యాబ్ బుక్ చేస్తే మూడుసార్లు క్యాన్సిల్. నాలుగో డ్రైవర్ "అల్వాల్ దాకా అయితే వస్త మేడమ్, అటువైపు పోతే రిటర్న్ దొరకదు" అని ముందే ఎక్స్‌ట్రా అడిగాడు. ఆయన బాధ ఆయనది. ఇంటికి వెళ్లేసరికి రెండు దాటింది.

గేటు దగ్గర లైటు వేసుకుని, మెట్ల మీద చిన్నమ్మ కూర్చుని ఉంది. శాలువా కప్పుకుని. నన్ను చూసి "అన్నం తిన్నవా?" అంది. తిన్నానన్నాను. అప్పుడు చెప్పింది, పదకొండుకి డాడీ ఫోన్ చేశాడట. నా ఫోన్ కలవకపోతే ఆమెకి చేశాడు. "పండుకుంది బావా, లేపాల్నా?" అని చెప్పిందట చిన్నమ్మ. అబద్ధం ఆడి, మూడు గంటలు మెట్ల మీద కూర్చుంది.

"నువ్వు తిరుగు, నేనొద్దంటలేను. కానీ మళ్ల నాతోని అబద్ధం చెప్పియ్యకు బిడ్డా. నీకేమన్నయితే నేనేం చెప్పాలె మీ డాడీకి?"

అప్పటి నుంచి నా ఒపీనియన్ మారింది. ఇంతకుముందు నేను కూడా "ఇన్‌టైమ్‌లు తీసేయండి, మేము మేజర్లం" బ్యాచే. ఇప్పటికీ ఆ మాట తప్పని అనుకోను. 2022లో కోజికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు రాత్రి తొమ్మిదిన్నర రూల్ మీద కేరళ హైకోర్టుకు వెళ్లారు, అమ్మాయిలకే ఎందుకు తాళం అని కోర్టు గట్టిగానే అడిగింది. చదివి చప్పట్లు కొట్టాను. కానీ ఆ రోజు రాత్రి నాకు అర్థమైంది వేరే విషయం. నేను ఎక్కడున్నానో తెలియాల్సిన ముగ్గురికీ తెలీదు. హాస్టల్ రిజిస్టర్‌లో అల్వాల్, డాడీ మనసులో అల్వాల్, నేను మాత్రం రాయదుర్గంలో. నిజంగా ఏదన్నా అయి ఉంటే నన్ను వెతకడం రాంగ్ అడ్రస్ నుంచే మొదలయ్యేది.

పేరెంట్స్ భయం ఊరికే వచ్చింది కాదు. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఓఆర్ఆర్ టోల్ ప్లాజా పక్కన జరిగింది మనందరికీ గుర్తే. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. వారం రోజులు ఇంట్లో టీవీ ఆపలేదు. డాడీ నన్ను ట్యూషన్‌కి దింపడం మొదలుపెట్టింది అప్పుడే, ఇంటర్ అయ్యేదాకా మానలేదు. ఆ భయానికి మనం "చిల్" అని రిప్లై ఇస్తే సరిపోదు. ఇక తాళం వేసేవాళ్లకి చెప్పేది ఏంటంటే, మీ తాళం వల్ల మేము హాస్టల్లో ఉండటం లేదు, ఎక్కడికి వెళ్తున్నామో మీకు చెప్పడం మానేస్తున్నాం. మీరు నాలుగుసార్లు "వద్దు" అంటే ఐదోసారి మేము అడగం. అంతే తేడా.

అబ్బాయిల సంగతి కూడా చెప్పాలి. ఆ రాత్రి ఇబ్రహీంపట్నం వాడు ఏమీ తినలేదు. "ఆకలి లేదురా" అన్నాడు. బిల్లు యాప్‌లో ఆరు భాగాలు చేసే బదులు ఐదు చేశాం, వాడివీ కలిపి. రెండు వారాల తర్వాత తెలిసింది, కూకట్‌పల్లి వాడు బైక్ మీద ఎంజీబీఎస్‌లో దింపితే, పొద్దున ఫస్ట్ బస్సు వచ్చేదాకా బస్టాండ్ బెంచీ మీదే కూర్చున్నాడట. క్యాబ్‌కి డబ్బుల్లేవు. మాలో ఎవరమూ అడగలేదు. వాడూ చెప్పలేదు. వాడి "ఆకలి లేదు", మా "జ్వరం" ఒకటే అని నాకు అప్పుడు తట్టింది.

అందుకే నా వాదన చాలా సింపుల్. ప్లాన్ "ఎక్కడికి" దగ్గర మొదలవ్వకూడదు. అందరికంటే దూరంలో ఉన్నవాళ్లు, అందరికంటే తక్కువ డబ్బున్నవాళ్లు, అందరికంటే కష్టంగా పర్మిషన్ దొరికేవాళ్లు, వీళ్లు ఇంటికి ఎలా చేరతారన్న దగ్గర మొదలవ్వాలి. బడ్జెట్ గ్రూప్‌లో అడగొద్దు, గ్రూప్‌లో ఎవరూ నిజం చెప్పరు. విడిగా ఫోన్ చేసి అడగండి. కోడ్ రాసేటప్పుడు ఎర్రర్ హ్యాండ్లింగ్ చివర్లో పెడితే ఏమవుతుందో మనకు ల్యాబ్‌లో తెలుసు కదా, ఇదీ అంతే.

ఊరు కూడా కొంచెం మారాలి. 2024 ఆగస్టులో షాపులు, హోటళ్లు రాత్రి ఒంటిగంట దాకా తెరుచుకోవచ్చని సీఎం అసెంబ్లీలో చెప్పారు. మంచిదే. కానీ ఒంటిగంటకి బిర్యానీ దొరికి బస్సు దొరకకపోతే ఆ రాత్రి ఎవరి కోసం? సొంత కారు ఉన్నవాళ్ల కోసం. 2025 జనవరి 1న మేడ్చల్‌కి, శామీర్‌పేటకి మెట్రో అని ప్రకటన వచ్చినప్పుడు మా హాస్టల్లో అరుపులే అరుపులు. అది వచ్చేసరికి మా జూనియర్ల జూనియర్లు ఎక్కుతారేమో. అప్పటిదాకా శని, ఆదివారాలు రాత్రి పన్నెండుకి సికింద్రాబాద్ నుంచి మన కాలేజీల వైపు ఒక్క బస్సు వేయమని మనమే అడగొచ్చు కదా. మైసమ్మగూడ నుంచి దుండిగల్ దాకా ఎన్ని కాలేజీలున్నాయో చూడండి, బస్సు ఖాళీగా పోదు. ఇంకోటి, పోలీసుల టీ-సేఫ్ సంగతి చాలామందికి తెలీదు. 100కి ఫోన్ చేసి 8 నొక్కితే మన ప్రయాణాన్ని వాళ్లు మానిటర్ చేస్తారు. ఆ రాత్రి నాకూ తెలీదు.

జనవరి చివర్లో రెండో ప్లాన్ నేనే వేశాను. రాత్రిని తిరగేశాను. తెల్లవారుజామున ముగించే బదులు తెల్లవారుజామున మొదలుపెడదామన్నాను. "అది నైట్ అవుట్ కాదే, మార్నింగ్ వాక్" అని ఘట్‌కేసర్ వాడు రెండు రోజులు ఏడిపించాడు. అయినా వచ్చాడు. మొయినాబాద్ అమ్మాయి, నేను ముందురోజు రాత్రే అల్వాల్‌లో పడుకున్నాం, ఈసారి రిజిస్టర్‌లో రాసిందే నిజం. అబ్బాయిలు కూకట్‌పల్లి రూమ్‌లో. మనిషికి రెండొందలు దాటొద్దని ముందే అనుకున్నాం, ఆ నంబర్ ఇబ్రహీంపట్నం వాడు చెప్పిందే, గ్రూప్‌లో మాత్రం నా ఐడియాలాగా పెట్టాను. పూణేవాడు వీడియో కాల్‌లో ఉంటానన్నాడు, నిద్రపోయాడు.

మూడున్నరకి బాబాయ్ కారు తీస్తుంటే చిన్నమ్మ చెప్పులేసుకుని బయటికి వచ్చింది. "నేను సుత వస్త."

"నీకెందుకు చిన్నమ్మా ఈ చలిలో?"

"ఈ ఊరికొచ్చి పద్నాలుగేండ్లాయె. చార్మినార్ మూడుసార్లు చూసిన. మూడుసార్లూ చుట్టాలకు చూపెట్టనీకే పోయిన."

నాంపల్లిలో రామ్ కీ బండి దగ్గర అప్పటికే జనం. పెనం మీద వెన్న కరుగుతున్న వాసన, పక్కన మా ఏజ్ వాళ్లే, ఐటీ కార్డులు మెడలో వేసుకుని షిఫ్ట్ దిగినవాళ్లు. ఇబ్రహీంపట్నం వాడు రెండు దోసెలు తిన్నాడు. అక్కడి నుంచి చార్మినార్. పగలు అక్కడ నడవడానికి కూడా చోటుండదు కదా, ఆ టైములో రోడ్డు మధ్యలో నిలబడి నాలుగు మినార్లనీ ఒకేసారి చూడొచ్చు. పక్కన నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. మక్కా మసీదు వైపు పావురాలు లేస్తున్నాయి. చిన్నమ్మ బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది విరిగి పడిపోతే, వేలుతో తీసుకుని తింది, చుట్టూ చూసి నవ్వింది. మా ఇంట్లో ఎవరూ ఆమెను అలా చూసి ఉండరు.

ఆరు దాటాక బాబాయ్‌ని కారుతో పంపించేసి మేమందరం, చిన్నమ్మతో సహా, ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి జేబీఎస్‌లో దిగాం. వెలుతురు వచ్చింది, బస్సులు తిరుగుతున్నాయి, ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు. ఎవరికీ జ్వరం రాలేదు.

నాకిది పూర్తిగా నచ్చిందా అంటే, లేదు. రాత్రి పన్నెండుకి ఈ ఊరు ఎలా ఉంటుందో అబ్బాయిలకి తెలుసు, నాకు ఒక్కసారి, అది కూడా భయపడుతూ క్యాబ్ కిటికీలోంచి తెలుసు. నాకు ఆ పన్నెండు కూడా కావాలి. డాడీకి చెప్పి, తెలిసి, కావాలి.

వచ్చే నెల పూణేవాడు మళ్లీ వస్తున్నాడు. ఈసారి ట్యాంక్‌బండ్, రాత్రి పదకొండున్నర దాకా. ఎవరెవరు, ఏ దారిలో, ఎవరి కారు, ఎన్నింటికి అల్వాల్, అందరి నంబర్లతో సహా డాడీకి నిన్న రాత్రే మెసేజ్ పెట్టాను. రెండు బ్లూ టిక్‌లు వచ్చాయి. "టైపింగ్" అని రెండుసార్లు కనిపించి ఆగిపోయింది. రిప్లై ఇంకా రాలేదు.