ఈ నెల ఆటలు: ముగింపు తెలిసిన ఆట

గడచిన మాసమున మేము సెల్‌ఫోనునందును, కంప్యూటరునందును ఆడిన అయిదు ఆటలనుగూర్చి మా యభిప్రాయములను ఈ పుటయందు సోదరీమణులకు విన్నవింపదలచితిమి. అందుకు ముందు తరచుగా వినవచ్చు నొక యాక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. ‘సంసారము చేసికొను స్త్రీకి ఫోనులో ఆటలేల?’ యని యిండ్లలో పెద్దలును, పెద్దలకంటె నెక్కువగా మగవారును అడుగుచున్నారు. మన తిరుపతి, చిత్తూరు సీమలలో మధ్యాహ్న భోజనములైన పిమ్మట అరుగుమీద వామనగుంటల పీట వేసికొని చింతగింజలతో ఆడుకొన్న అవ్వలను ఎవరును తప్పుపట్టలేదు. అదే వేళయందు, అదే విశ్రాంతికై, ఆ యవ్వ మనుమరాలు ఫోను చేతబట్టినచో ముఖము చిట్లించుట న్యాయము కాదు. దినమున నొక యరగంట తనదని చెప్పుకొనుటకు ఇల్లాలికి హక్కు గలదు. ఆ యరగంటను ఏ యాటకు ఇయ్యవచ్చును, ఏ యాటకు ఇయ్యరాదు అనునదే మనము విచారింపవలసిన సంగతి.

ఇందుకు మేము నాలుగు కొలతలు పెట్టుకొంటిమి. పొయ్యిమీద పాలు పొంగవచ్చినపుడు ఆటను నష్టములేక విడిచి లేవవచ్చునా? ఆటకు ఒక ముగింపు గలదా? ఆడుచుండగా డబ్బడుగునా? ఆడుటవలన ఇంటిలోని మఱియొకరితో ఒక మాటయో, ఒక నవ్వో కలిసినదా? ఆటలను సమీక్షించువారు సాధారణముగా బొమ్మల సొగసును, సంగీతమును, వేగమును ముందుగా చెప్పుదురు. అవియు చూడదగినవే. కాని యిల్లు నడుపువారికి ఈ నాలుగును ముందు, తక్కినవి వెనుక.

మన పాత ఆటలు ఈ కొలతలకు నిలిచినవి. వామనగుంటలలో ఒక్కొక్క వైపున ఏడేసి చొప్పున పదునాలుగు గుంటలు. గింజలు పంచుకొనుచు పోగా పోగా ఒకరి వైపు గుంటలు నింపుటకు గింజలు చాలవు. ఆట తీఱిపోవును, పీట అటుక యెక్కును. మన పొరుగున నున్న తమిళులు దీనినే పల్లాంగుళి యందురు. ఆఫ్రికా ఖండమునను దీనికి తోబుట్టువులవంటి ఆటలు పెక్కు గలవు. వైకుంఠ ఏకాదశి జాగరణమునాడు ఆడు వైకుంఠపాళియు నట్టిదే. ఎన్ని పాములు మ్రింగినను, ఎన్ని నిచ్చెనలు ఎక్కించినను, తుదకు పరమపదము చేరితిమా, ఆట సమాప్తము. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఆంగ్లేయులు ఈ పటమును తమ దేశమునకు గొనిపోయి పిల్లల ఆటగా మార్చిరి. రూపము మాఱినను ముగింపు మాఱలేదు. ఇక క్రొత్త ఆటలను చూతము.

మొదటిది టెట్రిస్. దీనిని 1984లో మాస్కో నగరమున అలెక్సీ పజిత్నోవ్ అను కంప్యూటరు పండితుడు కల్పించెను. నాలుగేసి చదరములతో కూర్చిన ఏడు రకముల ముక్కలు పైనుండి దిగుచుండును. వానిని త్రిప్పి సందులేకుండ పేర్చవలెను. వరుస నిండినచో మాయమగును. 1990 ప్రాంతములలో మన తిరునాళ్ళలో పిల్లలు ముచ్చటపడి కొనుక్కొన్న చేతి ఆటపెట్టెలలో నుండినదియు ఇదియే. వంటింటి అలమరలో గిన్నెలు సర్దు నేర్పు గలవారికి ఇది వెంటనే పట్టుబడును. ఈ ఆటలో గెలుపు లేదు. వేగము హెచ్చుచుండగా ఎప్పటికైనను ఓడకతప్పదు. అయినను ఒక్కొక్క ఆట కొన్ని నిమిషములలో ముగియును, నడుమ నిలుపవచ్చును, ఓడినందుకు ఎవరును డబ్బడుగరు. ఎక్కువసేపు ఆడినచో కన్నులు మూసినను ముక్కలు జాఱుచున్నట్లే తోచుట దీనియందలి దోషము. అది కనబడగానే చాలించుట మేలు. పదినిమిషముల విరామమునకు ఇంతకంటె మంచి ఆటను మేమెఱుగము.

రెండవది కాండీ క్రష్ సాగా. ఇది 2012లో వెలువడినది. ఒకే రంగు మిఠాయిలను మూడింటిని వరుసకు తెచ్చినచో అవి పగిలి, పైవి క్రిందికి దిగును. రంగులు కన్నుల పండువుగా నుండును, నేర్చుకొనుటకు అయిదు నిమిషములు చాలును. కాని దీని నడకను నిదానించి చూడవలెను. దీనికి చివరి మెట్టు లేదు. ఎక్కినకొలది క్రొత్త మెట్లు చేర్చుచునే యున్నారు. ఒక్క ఎత్తు చాలక ఓడిపోవునట్టి సమయమున, ‘మఱి అయిదు ఎత్తులు కావలెనా?’ యని యడుగును. అవి బంగారు కడ్డీలకు దొరకును. ఆ కడ్డీలు నిజమైన రూపాయలకు దొరకును. గాజుల మలారమువాడు బేరము కుదరక వీధిమలుపు దాఁకపోయి వెనుకకు తిరిగిచూచుట మనమెఱుగుదుము. ఈ ఆట అట్లే ప్రతి ఓటమియందును వెనుదిరిగి చూచును.

అట్లని దీనిని మానుడని మేము చెప్పము. ఆటలోనే మనకు పనికివచ్చు నొక కట్టుబాటు గలదు. ఆడువారికి అయిదు ప్రాణములు ఇత్తురు. ఓడినపుడెల్ల ఒకటి పోవును. పోయినది మరల వచ్చుటకు అరగంట పట్టును. ఆ అరగంట మనలను మరల పిలుచుటకు వారు పన్నిన యుపాయము. మనము దానినే త్రిప్పి మన హద్దుగా చేసికొనవచ్చును. అయిదు ప్రాణములు తీఱినవా, నేటికి ఆట ముగిసినదని ఫోను బల్లమీద పెట్టవలెను. ప్రాణములు కొనరాదు, చుట్టములను అడుగరాదు. ఆట ముగింపు చూపకున్నచో ముగింపు మనమే పెట్టవలెను.

మూడవది లూడో కింగ్. 2016లో ముంబయి వైపున నున్న యొక భారతీయ సంస్థ దీనిని వెలువరించెను. 2020లో కరోనా కట్టడివలన దేశమంతయు ఇండ్లలో నుండినపుడు ఇది ఊరూర ప్రాకినది. మన పచ్చీసు ఆంగ్లదేశమునకు పోయి లూడోయై తిరిగివచ్చినది, అదియే నేడు ఫోనులోనికి చేరినది. దీని గొప్ప గుణము నాలుగవ కొలతయందు కనబడును. పెద్దకూతురు బెంగుళూరునను, చిన్నకూతురు అమెరికాలోను, తల్లి చిత్తూరునను ఉండి ఒకే పటముమీద కాయలు నడుపవచ్చును. ‘నా కాయను చంపితివి కదే!’ యని తల్లి కోపగించుటయు, కూతురు నవ్వుటయు, వట్టి క్షేమసమాచారములకంటె ఎక్కువ ఆప్యాయతను కలిగించును. పాచికను మనచేత వేయక యంత్రమే వేయుటవలన ఓడినవారికి ఎల్లప్పుడును అనుమానమే. నడుమ నడుమ వచ్చు ప్రకటనలును విసుగు పుట్టించును. తెలియనివారితో ఆడవలదు, మన వారితోనే ఆడుడు. ఆదివారము సాయంకాలమునకు ఇది తగిన ఆట.

నాలుగవది వర్డిల్. ఆంగ్లము చదివిన సోదరీమణులకు ఇది ప్రియమగును. జాష్ వార్డిల్ అను నతడు పదములాటలయందు ప్రీతిగల తన సహచరి కొఱకు దీనిని కూర్చి, 2021 అక్టోబరులో లోకమున కిచ్చెను. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రికవారు దీనిని కొనిరి. అయిదక్షరముల మాటను ఆరు యత్నములలో కనుగొనవలెను. అక్షరము తగినచోట నున్నచో ఒక రంగు, చోటు తప్పినచో వేఱొక రంగు కనబడును. దీనియందు మమ్మాకర్షించినది ఇదికాదు. దినమునకు ఒక్కటే మాట. కనుగొన్నను, కనుగొనలేకున్నను, మఱునాటి వఱకు మఱియొకటి ఇయ్యరు. సత్రములో వడ్డించు ప్రసాదమువలె, అందరికిని ఒక్కటే, ఒక్కసారే.

తెలుగున నిట్టి ఆటను కూర్చువారికి ఒక చిక్కు ఎదురగును. ‘స్త్రీ’ యను మాటను ఒక గడిలో వ్రాయవలెనా, సకార తకార రేఫములను విడదీసి నాలుగు గడులలో వ్రాయవలెనా? ఒత్తు తప్పి గుణింతము ఒప్పినచో ఏ రంగు చూపవలెను? 1983నుండి తిరుపతియందు విద్య గఱపుచున్న శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయపు విద్యార్థినులు ఇట్టి ప్రశ్నలకు పూనుకొన్నచో భాషకును, ఆటకును మేలగును.

అయిదవది రాజీ. ఇది పూనా నగరమున నున్న నాడింగ్ హెడ్స్ వారు 2020లో వెలువరించిన కథగల ఆట. రక్షాబంధన సమయమున రాక్షసులు పిల్లల నెత్తుకొనిపోగా, రాజీ యను బాలిక తన తమ్ముని వెదకుచు బయలుదేఱును. దుర్గాదేవి యనుగ్రహించిన త్రిశూలము ఆమె యాయుధము. కోటల గోడలు, కొలనులు, తోలుబొమ్మలవలె ఆడు నీడల కథలు మిక్కిలి మనోహరములు. కత్తులు, పోరాటములు గలవు కావున పసిపిల్లలకు తగదు. పదునాలుగేండ్ల కూతురు ఆడుచుండగా తల్లి ప్రక్కను కూర్చుండి కథ వినవచ్చును. ముగింపు కొంత తొందరపడినట్లు మాకు తోచినది. అయినను ముగింపు గలదు. నవల చదివినట్లు కొన్ని సాయంకాలములలో తీఱిపోవును. అన్నను, తమ్ముని ఆడపిల్ల రక్షించు కథలు మన పిల్లలకు మఱికొన్ని కావలెను.

ఈ అయిదింటిలో చేర్చని వేఱొక తెగ గలదు. డబ్బు పందెముగా పెట్టించు రమ్మీ మొదలగునవి ఆటలు కావు, జూదములు. మన రాష్ట్రము 2020లోనే వీనిని నిషేధించినది. 2025 ఆగష్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించునట్లు చట్టము చేసి, పందెములేని ఆటలను వేఱుచేసి నిలిపినది. చట్టము వచ్చినది గదా యని ఇల్లాలు ఊరకుండరాదు. చాటుమాటుగా పిలుచువారు ఉందురు. చిత్తూరు సీమ పల్లెలలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళయందు వేసవిలో భారతయజ్ఞము జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము, తుదిదినమున దుర్యోధన వధ. ఆ జూదపు ఘట్టము విననివారు మనలో లేరు. ధర్మరాజు ఓడినది పాచికలవలన మాత్రమే కాదు, ‘ఇంక చాలు’ అని లేవలేకపోవుటవలన. ఆ లేవలేనితనమునకు ధర ఇచ్చినది ద్రౌపది. నేడును భర్తయో కుమారుడో గదిలో తలుపు వేసికొని పోగొట్టిన సొమ్మునకు ఇంటిలోని పుస్తెలు తాకట్టు పోవుచున్నవి. కావున బ్యాంకు సందేశములను ఇల్లాలును చూచుచుండవలెను. డబ్బు చెల్లించు రహస్యసంఖ్య పిల్లలకు తెలియకుండ వలెను.

పిల్లలనుగూర్చి ఒక్కమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆటలవ్యసనమును రోగముల పట్టికలో చేర్చినది. ఆడుపిల్లవానినెల్ల రోగియని దాని యర్థము కాదు. ఆటను అదుపు చేసికొనలేక, చదువును, నిద్రను, స్నేహమును వదలి, కీడు జరుగుచున్నను మానలేక, సామాన్యముగా ఏడాది కాలము అట్లే సాగినచో అది వైద్యునకు చూపవలసిన స్థితి. తక్కినదంతయు ఇంటిలో దిద్దుకొనవచ్చును. మా సలహా ఒక్కటి. ఆట నడుమ ఫోను లాగికొనకుడు, అది పోట్లాటకే దారి. ‘ఈ ఆట ముగియగానే ఇచ్చెదవు’ అని ముందే మాట తీసికొనుడు. ముగింపులేని ఆటయైనచో గడియారము చూపుడు. విడిచిపెట్టుట నేర్చిన పిల్లవానికి ఆటవలన భయములేదు.

తిరుమలలో దర్శనపు వరుసకు పోవువారు ఫోనులను బయట అప్పగింపవలసియుండును. గంటల తరబడి కూర్చుండునప్పుడు చేతులు ఏమి చేయుచున్నవో సోదరీమణులు గమనింతురు గాక. వ్రేళ్ళు లేని ఫోనును వెదకుచున్నచో ఆట కొంచెము తగ్గింపవలెనని తెలిసికొనవచ్చును. ప్రక్కనున్న పిల్లతో నాలుగు మాటలాడవలెననిపించినచో చింతలేదు.

వచ్చు నెల పులిజూదమును, ఫోనులో దొరకు దాని రూపములను పరిశీలింపదలచితిమి. ఇంతలో మా పాఠకురాండ్రు ఒక యుపకారము చేయవలెను. మీ యూర వామనగుంటలలో ఒక్కొక్క గుంటకు ఎన్ని గింజలతో ఆట మొదలుపెట్టుదురో, గింజలు చాలని గుంటను ఏమందురో ఇంటిలోని అవ్వలనడిగి వ్రాసి పంపుడు. ఊరికొక పద్ధతి యుండును. చెప్పువారు ఉన్నపుడే వ్రాసికొనుట మంచిది.