బతికున్నవాళ్ళేమో ఆదిమం, ఆదిమమేమో కంకర

సవర బొమ్మ చూపించగానే మన ఐటీ జనాల్లో పదిమందిలో తొమ్మిదిమంది అనే మాట ఒకటే. "అచ్చం భీంబేట్కా గుహల్లో బొమ్మల్లా ఉంది బాసూ, ప్రీ-హిస్టారిక్!" మా ఆఫీసు కాలెండర్ మీద ఆ బొమ్మలు అచ్చయినప్పుడు కూడా ఇదే విన్నాను. పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, ఎర్రటి నేల మీద తెల్లటి గీతలు, వరసగా చేతులు పట్టుకుని ఆడే మనుషులు... చూడ్డానికి అలాగే ఉంటాయి, కాదనను. కానీ ఆ ఒక్క మాట వెనక రెండు పెద్ద పొరపాట్లున్నాయి. ఒకటి బతికున్న మనుషుల గురించి, రెండోది నిజంగా చరిత్రకు ముందు బతికిన మనుషుల గురించి. నా గోలంతా ఈ రెంటి గురించే.

ముందు ఊరు సంగతి. పలాస దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే మందస రోడ్డుకి ముందు సుమ్మాదేవి అని చిన్న స్టేషను వస్తుంది. ఎక్స్‌ప్రెస్ రైల్లో ఉంటే బోర్డు చదివేలోపే వెళ్ళిపోతుంది. కుడివైపు జీడితోటలు, కొబ్బరి, ఆ వెనక సముద్రం, అంటే మా ఉద్దానం. ఎడమవైపు చూస్తే మహేంద్రగిరి వరస. ఆ కొండల్లో సవరలుంటారు. మా వైపు వాళ్ళని "కొండోళ్ళు" అంటారు. సంతకి చింతపండూ కొండచీపుర్లూ పట్టుకొస్తే బేరమాడి కొనుక్కుంటాం. అంతకుమించి వాళ్ళ గురించి మా మైదానం వాళ్ళకి తెలిసింది బహుతక్కువ. కాలెండర్ మీద బొమ్మకెక్కాక ఇప్పుడు "ఆదిమ కళ" అంటున్నాం.

అసలు ఆ బొమ్మ ఏం చేస్తుందో చూడండి. అది అలంకారానికి వేసేది కాదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, పంట సరిగ్గా రాకపోయినా, చనిపోయినవాళ్ళకి ఏదో లోటు జరిగిందనుకున్నా ఇంటిలోపలి గోడకి ఎర్రమట్టి పూసి, దాని మీద బియ్యప్పిండితో బొమ్మ వేయిస్తారు. ముందు చట్రం గీస్తారు. అది ఇల్లు. చనిపోయినవాళ్ళు వచ్చి ఉండడానికి కట్టిన ఇల్లన్నమాట. లోపల మనుషులు, సూర్యచంద్రులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు. వెరియర్ ఎల్విన్ అనే ఆయన కొండకి అవతలి వైపు, ఒడిశా సవరల మధ్య తిరిగి ఇవన్నీ నమోదు చేశాడు. 1951లో ఒక పుస్తకం, 1955లో ఇంకో పుస్తకం వచ్చాయి. బొమ్మ వేసే మనిషిని "ఇత్తల్‌మరన్" అంటారని కూడా ఆయనే రాశాడు.

మనవాళ్ళకి నచ్చే విషయం ఇప్పుడు చెప్తా. బొమ్మ పూర్తయ్యాక పూజ చేసే కురన్ ఆ చనిపోయిన మనిషిని పిలిచి చూడమంటాడు. ఆ మనిషి కురన్ నోటితో "ఇక్కడ గుర్రం ఏదీ? ఇది తప్పుంది" అంటే ఇత్తల్‌మరన్ దిద్దాలి. ఆయన ఒప్పుకునేదాకా పని అయిపోయినట్టు కాదు. మనం యూఏటీ అని, క్లయింట్ సైన్-ఆఫ్ అని పడే తిప్పలు ఇవే కదండీ! కాకపోతే వాళ్ళ క్లయింట్ చనిపోయినవాడు, మన క్లయింట్ మనల్ని చంపేవాడు.

ఇంకో సంగతి. ఎల్విన్ చూసిన ఆ గోడల మీదే సైకిళ్ళున్నాయి, రైళ్ళున్నాయి, విమానాలున్నాయి. చనిపోయిన పెద్దమనిషి నడిచి ఎందుకు రావాలి, దర్జాగా రానీ అని. 1940ల్లో విమానం బొమ్మ వేసిన కళ చరిత్రపూర్వ కళ ఎలా అవుతుంది? అది ఆ నాటి కళ. ఆ గోడ మీద అది అప్పటి లేటెస్ట్ వెర్షన్.

సవరల చరిత్రకి తేదీలు కూడా ఉన్నాయి. వాళ్ళ భాష ముండా భాషల్లో ఒకటి. అంటే దానికి బంధుత్వం తెలుగుతో కాదు, దూరాన ఉన్న ఖ్మేర్, వియత్నామీ భాషలతో. మన వ్యావహారిక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర నేర్చుకుని, వ్యాకరణం రాశారు (1931), నిఘంటువులు చేశారు. 1936లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద సొంతంగా లిపి తయారుచేశాడు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికీ ఒక్కో దేవత. ఆ లిపి, సోరాంగ్ సొంపెంగ్, 2012లో యూనికోడ్ 6.1లోకి ఎక్కింది. మనం రోజూ వాడే కారెక్టర్ టేబుల్లో ఇప్పుడు వాళ్ళకీ సీటుంది. ఇలాంటివాళ్ళని పట్టుకుని "చరిత్రకు ముందు" అనడం మన అజ్ఞానం తప్ప ఇంకేం కాదు. ప్రభుత్వం వాడిన మాటా అలాగే ఉండేది. కొండ సవరలు ఉన్న జాబితా పేరే 2006 దాకా "ఆదిమ తెగల సమూహాలు". తర్వాత ఆ "ఆదిమ" తీసేసి మరో పేరు పెట్టారు. కాగితం మీద పోయింది గానీ మన నోట్లోంచి పోలేదు.

"పోనీలే, పోలిక చెప్తే తప్పేముంది?" అంటారా? తప్పు పోలికలో లేదు, పోల్చి అక్కడితో ఆగిపోవడంలో ఉంది. భీంబేట్కాని 1957లో వాకణ్కర్ గారు చూసి లోకానికి చెప్పారు. మన దగ్గర కడప జిల్లా చింతకుంటలో, వరంగల్ వైపు పాండవుల గుట్టలో రాతి మీద బొమ్మలున్నాయి. ఆ ఎద్దు ఎందుకు వేశారో, ఆ చెయ్యి ముద్ర ఎవరిదో చెప్పే మనిషి లేడు. కోడ్ ఉంది, రాసినవాడు కంపెనీ వదిలేసి వేల ఏళ్ళయింది, కామెంటు ఒక్కటి లేదు. దక్షిణాఫ్రికాలో శాన్ జాతి వాళ్ళ రాతి బొమ్మల్ని కూడా చాలాకాలం "వేట బొమ్మలు" అని తేల్చేశారు. 1870ల్లో బ్లీక్, లాయిడ్ అనే ఇద్దరు కేప్‌టౌన్‌లో శాన్ మనుషుల దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు వేల పేజీలు రాసిపెట్టారు. దాదాపు వందేళ్ళ తర్వాత లూయిస్-విలియమ్స్ ఆ పేజీలు పక్కన పెట్టుకుని చూస్తే, అందులో చాలా బొమ్మలు పూనకానికీ, రోగం నయం చెయ్యడానికీ సంబంధించినవని వాదించగలిగాడు. అంటే బొమ్మ అర్థం బొమ్మలో లేదు, మనుషుల దగ్గరుంది.

సవరల విషయంలో మనుషులు ఇంకా ఉన్నారు. అడగొచ్చు. కానీ ఎంతకాలం? పియర్స్ వైటెబ్స్కీ అనే ఆయన 1970ల నుంచీ ఒడిశా సవరల దగ్గరకి వెళ్తూ, చనిపోయినవాళ్ళతో వాళ్ళు చేసే సంభాషణల గురించి రాశాడు. కురవాళ్ళు క్రైస్తవంలోకి వెళ్ళాక ఆ సంభాషణలు ఎలా ఆగిపోయాయో 2017లో వచ్చిన పుస్తకంలో చెప్పాడు. మతం మార్చుకోవడం వాళ్ళిష్టం, అందులో నాకేం పేచీ లేదు. పక్కా ఇల్లు కట్టుకుని మట్టిగోడ పోయినా నాకు బాధ లేదు, మనం ఏసీలో కూర్చుని వాళ్ళని మట్టింట్లోనే ఉండమనడం అన్యాయం. సీతంపేట దగ్గర అడ్డాకులగూడ లాంటి చోట్ల బట్ట మీదా కాగితం మీదా వేసి అమ్ముతున్నారు, నాలుగు డబ్బులొస్తున్నాయంటే మంచిదే. నేనడిగేది చిన్నది. వేసినవాళ్ళ పేరు బొమ్మ కింద ఉండాలి. అది దేనికి వేస్తారో వాళ్ళ మాటల్లో, వాళ్ళ భాషలో రికార్డు చేసి పెట్టాలి. "సవర ఆదిమ చిత్రం" అని కింద రాసి పేరు ఎగ్గొట్టడం కాదు. ఎంఎఫ్ హుస్సేన్ బొమ్మ కింద "హైదరాబాద్ జానపదం" అని రాస్తామా?

ఇక రెండో పొరపాటు. నిజంగా చరిత్రపూర్వమైనది మన కళ్ళెదుట ఉంటే దాన్ని ఏమంటున్నాం? రాయి అంటున్నాం. ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో బృహత్ శిలాయుగపు రాక్షసగుడి ఒకటుంది. పైన కప్పిన బండ ఒక్కటే ముప్పై అడుగులకు పైన పొడవు. మన జిల్లా వాళ్ళలో అది చూసినవాళ్ళెంతమంది? టెక్కలి అంటే మనకి తెలిసింది నీలి గ్రానైట్. దేశాలు దాటి వెళ్ళి ఎవరి వంటింటి గట్టు మీదో పడుకునే రాయి.

గ్రానైట్ క్వారీకీ పాత బొమ్మలకీ లంకె ఏంటంటారా? బళ్ళారి పక్కన కుప్‌గల్ కొండ చూడండి. కొత్త రాతియుగపు వాళ్ళు పొడుగు కొమ్ముల మూపురం ఎద్దుల్ని వందలకొద్దీ రాళ్ళ మీద చెక్కారు. అక్కడ కొన్ని రాళ్ళని ఇంకో రాయితో కొడితే గంటలా మోగుతాయి. బొమ్మా పాటా ఒకేచోట! 1892లో ఫాసెట్ అనే ఆయన రాసినా తర్వాత లోకం మర్చిపోయింది. మళ్ళీ పరిశోధకులు వెతికి పట్టుకుని 2004లో వ్యాసం రాసేటప్పటికి చుట్టూ కంకర క్వారీలు ఆ కొండనే తినేస్తున్నాయి. కర్నూలు వైపు జ్వాలాపురం ఇంకా ఘోరం. 74 వేల ఏళ్ళ కింద సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద అక్కడ పొరగా ఉంది. ఆ పొర కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రపంచమంతా చెప్పుకుంది. మనవాళ్ళు ఆ బూడిదని తవ్వి డిటర్జెంట్ పొడి తయారీకి అమ్ముకున్నారు. ఫ్రాన్స్‌లో లాస్కో గుహని, జనం ఊపిరికి బొమ్మలు పాడవుతున్నాయని, 1963లో సందర్శకులకి మూసేసి పక్కన నకలు గుహ కట్టారు. వాళ్ళు ఊపిరి తగలనివ్వలేదు, మనం జిలెటిన్ పెడుతున్నాం.

క్వారీ ఆపేస్తే కూలీల సంగతేంటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఉద్దానంలో బతుకుతెరువు ఎంత కష్టమో, 2018లో తిత్లీ తుఫానుకి తోటలు పోయాక ఎంతమంది వలసపోయారో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అన్ని క్వారీలూ మూసెయ్యమనట్లేదు. లీజు ఇచ్చేముందు పురావస్తువులు తెలిసిన మనిషి ఒకడు ఆ కొండెక్కి చూడాలి, చూసి రాసిపెట్టాలి, అంతే. మనం ప్రొడక్షన్‌లో ఒక టేబుల్ డ్రాప్ చెయ్యాలంటే బ్యాకప్ ఉందా అని పదిసార్లు అడుగుతాం. కొండకి బ్యాకప్ లేదు.

మనవాళ్ళు చెయ్యగలిగిన పని కూడా ఒకటుంది. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఊళ్ళో పెద్దాళ్ళని "ఇక్కడ రాక్షసగుళ్ళు, పాండవుల రాళ్ళు అనేవి ఏమైనా ఉన్నాయా తాతా?" అని అడగండి. ఉన్నాయంటే వెళ్ళి ఫోటో తీయండి, జీపీఎస్ లొకేషన్ పెట్టుకోండి, పురావస్తు శాఖకి ఒక ఉత్తరం పడెయ్యండి. రాయిని కడగొద్దు, సుద్దముక్కతో గీతలు దిద్దొద్దు, పక్కన మీ పేరు అస్సలు చెక్కొద్దు. సవర బొమ్మ కొంటే వేసింది ఎవరో, ఎందుకు వేశారో అడిగి, ఆ పేరు ఫ్రేము వెనక రాసుకోండి.

పదివేల ఏళ్ళ కిందటి మనిషిని "నువ్వు ఎందుకు వేశావయ్యా" అని అడిగే అవకాశం మనకి ఎప్పటికీ రాదు. మహేంద్రగిరి మీదున్న మనిషిని అడగడానికి పలాసలో దిగి బస్సెక్కితే చాలు.